కుక్క గుంజుడు: విప్పాల్సిన మూడు ముళ్లు

పొద్దుగాల ఆరింటికి హన్మకొండలో ఏ గల్లీ మూలన నిలబడ్డా ఈ దృశ్యం కనిపిస్తుంది. ముందు లాబ్రడార్, వెనక వంగిపోయి నడుస్తున్న మనిషి, మధ్యలో తీగలా బిగిసిన గొలుసు. ఎవరు ఎవరిని తిప్పుతున్నారో చెప్పడం కష్టం. "మా కుక్క బాగా గుంజుతది" అంటే చాలు, చుట్టుపక్కల వాళ్ల దగ్గర సలహా సిద్ధంగా ఉంటుంది: ఒక్కసారి గట్టిగా వెనక్కి గుంజు, లేదంటే ముళ్ల బెల్టు కొను. ఆ సలహా ఒక కుక్క మీద పనిచేసినట్టు కనిపిస్తుంది, రెండో కుక్కను మొండిదాన్ని చేస్తుంది, మూడోదాన్ని కరిచేదాకా తెస్తుంది.

ఎందుకంటే గుంజుడు అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి అలవాటు. రెండోది తీరని అవసరం. మూడోది భయం, దాని తోడబుట్టిన ఉక్రోషం. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం ఒకటి కాదు. పెళ్లిలో మూడు ముళ్లు వేయడానికి నిమిషం పట్టదు. వీటిని విప్పడానికి వారాలు పడుతుంది, అదీ ఏ ముడి ఎక్కడుందో తెలిస్తేనే.

తెలుసుకునే పద్ధతి తేలికే. మిద్దె మీదో, ఇంటి వాకిట్లోనో, వేరే జంతువూ కొత్త మనిషీ లేని చోట లీష్ (నడిపించేటప్పుడు చేత్తో పట్టుకునే పట్టీ) వేసి నడిపించండి. అక్కడ కూడా గుంజితే అది అలవాటు. వాకిట్లో బాగానే ఉండి, బయటికి వెళ్లిన మొదటి పది నిమిషాలు మాత్రం పరుగులు తీసి, ఒంటేలు పోసుకుని నాలుగు మూలలు వాసన చూశాక తగ్గితే అది అవసరం. గల్లీ కుక్క, బైకు, బర్రె లాంటిది ఏదో ఒకటి కంటపడ్డప్పుడే ఒళ్లు బిగదీసి, నోరు మూసి, తోక నిక్కబొడిచో లేక కాళ్ల మధ్యకు దోపుకొనో గుంజితే అది మూడోది. అనుమానం ఉంటే ఉడికించిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టండి. ఇంట్లో ఎగిరి అందుకునే ముక్కను బయట చూడను కూడా చూడకపోతే, ఆ క్షణంలో దానికి ఏదీ నేర్పలేరు. చాలా కుక్కల్లో రెండు ముళ్లు కలిసే ఉంటాయి. అప్పుడు భయం సంగతి ముందు చూడాలి.

అలవాటు ముడి

మనిషి మామూలు నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. ఒక మోస్తరు కుక్కకు హాయిగా అనిపించే దుడుకు నడక దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి లీష్ బిగుసుకోవడం కుక్క పొగరు కాదు, వేగాల్లో తేడా. అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. లీష్ బిగిసింది, మనం దాని వెంట అడుగేశాం. అంటే గుంజినందుకు కూలి ముట్టింది. పిల్లగా ఉన్నప్పుడు మూడు కిలోలే కదా అని ముద్దుగా వెంట నడిచాం. ఇప్పుడు అది ముప్పై కిలోలైంది, నేర్చుకున్న పాఠం అదే.

దీన్ని ఇంకా గట్టిపరిచేది మన నిలకడలేనితనం. ఒకరోజు ఆగుతాం, మర్నాడు ఆఫీసుకు ఆలస్యమని వెంట పరుగెడతాం. ప్రతిసారీ దొరికే కూలి ఆగిపోతే కుక్క త్వరగా మానుకుంటుంది. అప్పుడప్పుడు దొరికే కూలి కోసమైతే చాలాకాలం ప్రయత్నిస్తూనే ఉంటుంది. లాటరీ టికెట్లు కొనేవాళ్లను చూస్తే ఇది వేరే చెప్పక్కర్లేదు.

సామాను గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, సగం చిక్కు ఇక్కడే ఉంటుంది. ఇనుప గొలుసు కట్టేయడానికి సరే, నడకకు పనికిరాదు. దాని బరువు ఎప్పుడూ మెడ మీద ఉంటుంది కాబట్టి, వదులుకీ బిగుతుకీ తేడా కుక్కకు తెలియదు. మీ వేళ్లు కోసుకుపోవడం అదనం. బటన్ నొక్కితే సాగే డబ్బా లీష్ ఇంకా ఘోరం: లోపలి స్ప్రింగు ఎప్పుడూ కాస్త బిగుతుగానే ఉంచుతుంది, గుంజిన కొద్దీ తాడు ఇస్తుంది. గుంజుడు నేర్పడానికే చేసినట్టుంటుంది. కావాల్సింది ఐదారు అడుగుల మామూలు నైలాన్ లేదా నూలు పట్టీ. పెద్ద కుక్కకు ముప్పావు నుంచి అంగుళం వెడల్పు, చిన్నదానికి అర అంగుళం. పిడి ఉచ్చులో బొటనవేలు దూర్చి పిడికిలి బిగించండి. మణికట్టుకు చుట్టుకోవద్దు. కుక్క ఒక్కసారిగా ఉరికితే చెయ్యి విరిగేది ఆ చుట్టు వల్లనే.

మెడ బెల్టుకు పేరు, ఫోన్ నంబర్ బిళ్ల తగిలించి, లీష్ మాత్రం హార్నెస్‌కు, అంటే ఛాతీకీ వీపుకీ తొడిగే పట్టీలకు, వేయడం మేలు. ముందువైపు వై అక్షరం ఆకారంలో ఉండి, ఛాతీ మీద ఒక రింగు, వీపు మీద ఒక రింగు ఉన్నది చూడండి. భుజాలకు అడ్డంగా పట్టీ వచ్చే రకం ముందుకాళ్ల కదలికను పట్టేస్తుంది. ఛాతీ రింగుకు లీష్ వేస్తే, గుంజినప్పుడు ఒళ్లు పక్కకు తిరిగిపోతుంది, ముందుకు ఊపు రాదు. వీపు రింగు మాత్రమే వాడితే బండికి కట్టిన ఎద్దులా ఛాతీ ఆనించి లాగుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి. అంతకన్నా వదులైతే వెనక్కి జారి తప్పించుకుంటుంది, బిగుతైతే చంకల్లో ఒరుసుకుని పుండు పడుతుంది. పెరిగే పిల్లకు వారం వారం సరిచూడాలి.

మెడకు బిగుసుకునే గొలుసులు, లోపలికి ముళ్లున్న బెల్టులు ఎందుకు వద్దంటారో కూడా తెలియాలి. మెడ బెల్టుతో గుంజినప్పుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్‌తో అలా పెరగదని 2006లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే అంతంతమాత్రం. పొమెరేనియన్లకు గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ. వీటికి మెడ మీద ఏ గుంజుడూ కూడదు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మూడో ముడి దగ్గర చెప్పుకుందాం.

ఇక కూలి. శనగ గింజంత ముక్కలు, మెత్తనివి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు తెల్లసొన, పనీర్ ఏదైనా సరే. రోజూ పెరుగన్నం తినే కుక్కకు ఆ ముక్కే పండగ. బిస్కెట్లు నమలడానికే టైం పడుతుంది, ఈలోపు పాఠం దాటిపోతుంది. లాబ్రడార్‌కు ఒక పూట 50 గ్రాముల చికెన్ చాలు. పగ్‌కైతే రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దు. ఇలాంటివన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు మించకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ, చాక్లెట్ ఎంత చిన్న ముక్కైనా వద్దు. పాఠం ఎప్పుడూ తిండికి ముందే.

మొదటి పాఠానికి లీష్ అక్కర్లేదు. హాల్లో నిలబడి "భేష్" లాంటి పొట్టి మాట అనండి, సెకను లోపు ముక్క ఇవ్వండి. అలా ఇరవైసార్లు. ఆ మాట వినగానే కుక్క మెడ తిప్పి చూస్తే, మాటకు విలువ వచ్చినట్టే. తర్వాత దాన్ని ఎడమవైపు ఉంచుకుని నడవండి. ముక్క ఎడమచేత్తో, మీ ప్యాంటు కుట్టు దగ్గర ఇవ్వాలి. కుడిచేత్తో ఇస్తే అది మీ ముందుకు అడ్డం తిరగడం నేర్చుకుంటుంది, రేపు రోడ్డు మీద కాళ్లకు అడ్డంపడి మిమ్మల్నే పడేస్తుంది. ఆ తర్వాతే లీష్. మొదట అడుగుకో ముక్క. అది కుదిరాక రెండడుగులకు, మూడుకు, ఐదుకు. తర్వాత ఒకసారి రెండు, ఒకసారి ఏడు, మళ్లీ మూడు అన్నట్టు లెక్క దానికి అంతుపట్టకుండా ఇవ్వండి.

లీష్ బిగిసిందా, ఆగిపోండి. వెనక్కి గుంజొద్దు, తిట్టొద్దు. చేతులు పొట్టకు ఆనించి స్తంభంలా నిలబడండి. అది వెనక్కి చూసినా, ఒక్కడుగు వెనక్కేసినా, లీష్ వదులైన క్షణంలో "భేష్" అని కదలండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: కుక్క వెనక్కి రాగానే ముక్క ఇస్తారు. వారం తిరిగేసరికి అది కొత్త ఆట కనిపెడుతుంది. గుంజు, ఆగు, వెనక్కి రా, తిను, మళ్లీ గుంజు. దానికి విరుగుడు ఒకటే: ఆగి కదిలాక వదులు లీష్‌తో కనీసం నాలుగడుగులు నడిచినప్పుడే ముక్క. ఆగిన తర్వాతి కూలి ముక్క కాదు, ముందుకు సాగడమే.

మూడో రోజో నాలుగో రోజో గుంజుడు పెరుగుతుంది. ఇది పద్ధతి పనిచేస్తున్నదనడానికి గుర్తు. స్విచ్ వేస్తే బల్బు వెలగకపోతే మనం వదిలేసి పోం, ముందు నాలుగుసార్లు టకటకా నొక్కుతాం. కుక్కా అంతే. ఈ దశలో ఒక్కసారి లొంగినా "ఇంకాస్త బలంగా గుంజితే పనవుతుంది" అని నేర్పినవాళ్లవుతాం.

మరి తాతయ్య పొద్దున్నే ఐదింటికి ఒంటేలుకు తీసుకెళ్లాలి, ఆయనకు అడుగడుక్కీ ఆగే ఓపిక లేదు. అప్పుడేం చేయాలి? ఆయన వీపు రింగుకు లీష్ వేసుకుని పని కానిస్తారు. పాఠం చెప్పేవాళ్లు ఛాతీ రింగుకు వేస్తారు. ఈ రెండింటికీ రూల్స్ వేరని కుక్క బాగానే గుర్తుపడుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతి పాటించాలని చెప్పడం సులువు. ఉమ్మడి ఇంట్లో ఈ రెండు రింగుల పద్ధతే ఎక్కువ నిలుస్తుంది.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు. దూరం లెక్కపెట్టొద్దు, మొదటి వారం గల్లీ చివరిదాకా కూడా పోలేకపోవచ్చు. గేటు దగ్గరే మొదలుపెట్టండి. గేటు జానెడు తెరవండి, తోసుకొస్తే మూసేయండి, మూతి నలగకుండా మెల్లగా. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టి ఆగితే ఇంకాస్త తెరవండి. ఊపుతో గేటు దాటిన కుక్క ఆ ఊపుతోనే గల్లీ అంతా తిరుగుతుంది.

కుక్క ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటదే తెచ్చుకోదు. మిద్దె మీద బుద్ధిగా నడిచింది వడ్డేపల్లి చెరువు కట్ట మీద గంతులేస్తే మరచిపోయిందని కాదు, అక్కడ నేర్పలేదని. హాలు, మిద్దె, వాకిలి, మనుషులు లేవని వేళ గల్లీ, ఆ తర్వాత చెరువు కట్ట, ఇలా మెట్లు ఎక్కించాలి. కొత్త మెట్టు ఎక్కినప్పుడల్లా మళ్లీ అడుగుకో ముక్క దగ్గర్నుంచే. పార్కులైతే కుక్కలను రానిస్తారో లేదో గేటు దగ్గర అడిగి వెళ్లండి. చౌరస్తాలు ఎప్పటికీ అక్కర్లేదు.

అవసరం ముడి

పగలంతా గేటు స్తంభానికి కట్టేసి, సాయంత్రం ఇరవై నిమిషాలు విప్పితే ఏ ప్రాణైనా తుళ్లిపడుతుంది. అలాంటి కుక్కకు శిక్షణ కంటే ముందు గొలుసు విప్పడం కావాలి. ఇది దయాదాక్షిణ్యాల మాట కూడా కాదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వని యజమానిది నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ సూటిగా చెబుతోంది.

కుక్క నడకకు వచ్చేది కాళ్ల కోసం తక్కువ, ముక్కు కోసం ఎక్కువ. కరెంటు స్తంభం మొదట్లో వాడకట్టు వార్తలన్నీ ఉంటాయి దానికి. దాన్ని ఆపాలని చూస్తే ఓడిపోతారు, అదే కూలిగా వాడుకుంటే గెలుస్తారు. స్తంభం కనిపించగానే వేగం తగ్గించండి, పదడుగులు వదులుగా నడిస్తే "వాసన చూడు" అని వదలండి. గుంజితే స్తంభం దూరమవుతుంది. చికెన్ అయిపోయిన రోజు కూడా ఈ కూలి అయిపోదు. వారానికి రెండు మూడుసార్లు ఖాళీ మైదానంలో వీపు రింగుకు పదిహేను ఇరవై అడుగుల తాడు కట్టి, అది ఎటు పోతే అటు మీరు వెళ్లండి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసు కుక్కలకు ఇది మరీ అవసరం. ఆ వయసులో నేర్చుకున్నవన్నీ మరచినట్టు కనిపించడం మామూలే.

మన దగ్గర ఎండ ఈ లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్క ప్రధానంగా నాలుక చాచి ఒగర్చడంతోనే చల్లబడుతుంది. సాయంత్రం ఆరింటికి గాలి చల్లగా అనిపించినా తారు, సిమెంటు ఇంకా కాలుతూనే ఉంటాయి. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను తీసుకెళ్లొద్దు. ఎండకాలం పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. ఆగకుండా ఒగర్చడం, జిగట చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, గాలి తగిలేలా చూస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి. ఇంత వేడిలో సైబీరియన్ హస్కీని కొనేవాళ్లతో వాదించి లాభం లేదు, కనీసం నడక వేళలైనా మార్చండి.

భయం ముడి

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇది. మీ కుక్క గల్లీ కుక్కను చూసింది. గుర్రుమంది. మీరు బెల్టు పట్టి గట్టిగా గుంజారు. మెడ నొప్పి పుట్టింది. కుక్క దృష్టిలో ఈ నొప్పికి కారణం మీరు కాదు, కంటి ముందున్న ఆ గల్లీ కుక్క. పదిసార్లు ఇలా జరిగితే, గల్లీ కుక్క కనిపించగానే నొప్పి రాబోతోందని ముందే ఎగబడుతుంది. ఇంకొన్ని కుక్కలు గుర్రుమనడం మానేస్తాయి. బాగుపడిందని సంబరపడతాం. అది మానుకున్నది హెచ్చరికను, భయాన్ని కాదు. హెచ్చరిక లేకుండా కరిచే కుక్క ఇలాగే తయారవుతుంది.

పైగా లీష్ వేసిన కుక్క స్థితి చూడండి. విడిగా ఉన్న రెండు కుక్కలు ఎదురెదురుగా రావు, పక్కగా వంపు తిరిగి వచ్చి వాసన చూసుకుంటాయి. లీష్ దాన్ని ముఖాముఖి నిలబెడుతుంది, బిగుతు వల్ల తల పైకి, ఛాతీ ముందుకు వస్తాయి. ఎదుటి కుక్కకు అది సవాలులా కనిపిస్తుంది. పారిపోయే దారీ లేదు. మిగిలింది అరవడమే.

దీనికి మందు దూరం. గల్లీ కుక్కను చూసి కూడా చేతిలో ముక్క తినగలిగే దూరం ఎంతో కనిపెట్టండి. ముప్పై మీటర్లు కావచ్చు, అరవై కావచ్చు. అక్కడ నిలబడి, అది ఆ కుక్కను చూసిన క్షణంలో "భేష్", ముక్క. వరుస ముఖ్యం: ముందు కుక్క కనబడాలి, తర్వాతే ముక్క. ముందే ముక్క చూపిస్తే, ముక్క కనిపించగానే ఎక్కడో శత్రువున్నాడని అర్థం చేసుకుంటుంది. చూసి దానంతటది మీ వైపు తిరిగే రోజు వస్తుంది. అప్పుడు రెండు మూడు మీటర్లు తగ్గించండి. రెండు రోజులు బాగోకపోతే మళ్లీ వెనక్కి.

చిక్కేమిటంటే గల్లీ కుక్కలు మన కొలతలకు లోబడి నిలబడవు. అందుకే దారి ముందే చూసుకోవాలి. ప్రతి గల్లీకి ఒక గుంపు, ఆ గుంపుకు ఒక హద్దు ఉంటుంది. సాధారణంగా హద్దు మూలమలుపు దగ్గరే. ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ ముందు, పెళ్లి మర్నాడు ఫంక్షన్ హాల్ వెనక ఎన్ని చేరతాయో తెలిసిందే. చలికాలంలో పిల్లలు పెట్టిన తల్లి కుక్క ఉన్న సందులోకి అసలు పోవద్దు. ఎదురుపడితే "ఇటు" అని సగం చుట్టు తిరిగి రావడం ఇంటి దగ్గర ఆటలా ముందే నేర్పి ఉంచాలి. ఆగి ఉన్న ఆటో, కారు వెనక్కి తప్పుకున్నా చాలు, కంటికి కనబడకపోవడం కూడా దూరమే.

గుంపు మీదికి వస్తే పరుగెత్తొద్దు. మీ కుక్కను వెనక్కి తెచ్చుకుని, గుప్పెడు బిస్కెట్లు ఆ కుక్కల ముఖాల వైపు నేల మీద చల్లండి. అవి ఏరుకునేలోపు, వాటి వైపు ఒక కన్నేసి, మెల్లగా హద్దు దాటండి. గొడుగు ఒక్కసారిగా తెరిస్తే గోడలా అడ్డుపడుతుంది. ఐతే మీ కుక్కకు ఆ చప్పుడు ముందు అలవాటు చేయాలి. రాళ్లు, కర్రలు ఆ పూటకు పనిచేస్తాయి, రేపు అదే గుంపు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది.

కుక్కకు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ వేయిస్తుండాలి. గల్లీ కుక్క మీ కుక్కను కరిస్తే టీకా ఉన్నా డాక్టర్‌కు చూపించాలి. మనిషిని ఏ కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం పూయొద్దు. మీ కుక్క వల్ల ఎవరికైనా ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

గొర్రెల మందలు తిరిగే పరకాల, ములుగు వైపు ఊళ్లలో తాడు లేకుండా వదలడం ఎంత బుద్ధిమంతురాలైన కుక్కకైనా పరీక్షే, వద్దు. దీపావళికి, బతుకమ్మ డీజేల రాత్రుళ్లకు ఒంటేలుకు ముందే తిప్పి తెచ్చి ఇంట్లో ఉంచండి.

నడకలో మర్యాద అంటే గుంజకపోవడం ఒక్కటే కాదు. కుక్కంటే భయపడేవాళ్లు, ముట్టుకోనివాళ్లు ఎదురైతే లీష్ పొట్టిగా పట్టి కుక్కను గోడవైపుకు తీసుకోండి. చేతిలో పాత పేపరు, కవరు ఉండాలి. పొద్దున ఆరింటికి ప్రతి వాకిట్లో అప్పుడే పెట్టిన ముగ్గుంటుంది. ముగ్గు పక్కనుంచి తిప్పి నడిపించి ఒక ముక్క ఇవ్వడం పదిళ్ల దగ్గర చేస్తే, వదులు లీష్‌కు ఇంతకంటే మంచి సాధన దొరకదు. ఆ వాడకట్టులో మీ కుక్క పేరు కూడా బాగుంటుంది.

బాగుపడుతున్నదో లేదో కళ్లతో తేల్చలేం. గేటు నుంచి ఒకే స్తంభం దాకా లీష్ ఎన్నిసార్లు బిగిసిందో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి. మొదటి రోజు ముప్పై ఉన్నది రెండు వారాలకు పదిహేనైతే దారిలో ఉన్నట్టే. తగ్గుతూ వచ్చిన సంఖ్య ఉన్నట్టుండి పెరిగినా, కుక్క నడకకే మొరాయించినా, ముందు గోళ్ల సందుల్లో ముల్లు, చెవిలో గోమార్లు, హార్నెస్ కింద పుండు ఉన్నాయేమో వెతకండి. ఏమీ కనబడకపోతే కాళ్లూ కీళ్లూ డాక్టర్‌కు చూపించండి.